వికారాబాదు నుంచి తాండూరు ఎంత దూరం?

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించీ, అనంతగిరి దేవాలయం గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను ముప్పై ఏడేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. గుమాస్తాకు తెలిసిన చరిత్ర రిజిస్టర్లలో, బిల్లుల్లో ఉంటుంది. అందుచేత టి.ఏ. బిల్లులో ప్రతిసారీ నింపవలసి వచ్చిన ఒక గడి గురించే రాయదలచాను. ఆ గడి పేరు "దూరం". మనమంతా దాన్ని వందలసార్లు నింపాం. నింపింది ఎవరూ రెండోసారి చదివి ఉండరు, ఆడిటువారు తప్ప.

మనలో పిల్లలు విదేశాల్లో లేనివారు ఇప్పుడు తక్కువ. "మీ అమ్మాయి ఉండే ఊరికీ, అబ్బాయి ఉండే ఊరికీ మధ్య ఎంత దూరమండీ?" అని అడిగి చూడండి. ఒక్కరూ కిలోమీటర్లలో చెప్పరు. "నాలుగున్నర గంటలు" అంటారు. ఐరోపా ఖండంలో పడమటి కొసన పోర్చుగల్ రాజధాని లిస్బన్ ఉంది, ఈశాన్యాన ఫిన్లండ్ రాజధాని హెల్సింకి ఉంది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా లెక్క కడితే సుమారు 3,360 కిలోమీటర్లు. విమానానికి నాలుగున్నర గంటలు. అక్కడివాళ్లకు రెండో అంకె తెలుసు, మొదటిది తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

మన తాతలూ అంతే. వికారాబాదు నుంచి తాండూరు ఎంత దూరమంటే "తెల్లవారుజామున బండి కడితే దీపాలవేళకు చేరతావు" అనేవారు. మరీ కొలత కావాలంటే కోసుల్లో, ఆమడల్లో చెప్పేవారు. కోసు అంటే రమారమి రెండు మైళ్లు, నాలుగు కోసులు ఆమడ. ఆ లెక్కన తాండూరు మూడామడలు. అయితే కోసు ఊరూరికీ మారేది. ఎద్దు గట్టిదైతే కోసు చిన్నది, వానాకాలం నల్లరేగడి బాట అయితే అదే కోసు పెద్దది. ఎద్దుల బండి గంటకు రెండు మైళ్లు నడిస్తే గొప్ప. మధ్యలో నీళ్లకూ మేతకూ ఆగాలి. కాబట్టి తాతల జవాబులో పొరపాటేమీ లేదు. అంటే తాతలు కాలంతో చెప్పారు, మనుమలూ కాలంతోనే చెబుతున్నారు. మధ్యలో ఒక నూరేళ్లపాటు దొరతనం "మైళ్లు ఎన్ని?" అని అడిగింది. ఆ నూరేళ్లలోనే మన ఉద్యోగాలు జరిగాయి.

సరే, మైళ్లు ఎన్ని? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. పటం మీద స్కేలు పెట్టి వికారాబాదు నుంచి తాండూరుకు గీత గీస్తే సుమారు 35 కిలోమీటర్లు వస్తుంది. పక్షికీ, విమానానికీ అది సరిపోతుంది. రైలు పట్టాల మీద వెళితే నలభై ఒకటి చిల్లర. రోడ్డు మీద కూడా నలభై దరిదాపులే, కాని ఎక్కడినుంచి ఎక్కడికి అన్నదాన్నిబట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది. బస్ స్టాండు నుంచా, తాలూకా కచేరీ నుంచా, స్టేషను నుంచా? మన రూల్సు ప్రకారం "అతి తక్కువ దూరం, అతి తక్కువ ఖర్చు" అయిన మార్గానికే భత్యం. ఎనిమిది కిలోమీటర్ల లోపు అయితే దౌరా కిందికే రాదు. ఏడు ముప్పావు కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రామానికి ఎండలో సైకిలు మీద పోయి పంచనామా రాసి వచ్చినవాడికి కానీ రాదు. ఎనిమిదీ పావు దూరానికి జీపు వెనక సీట్లో కూర్చుని పోయినవాడికి వస్తుంది.

నేను కొలువులో చేరిన కొత్తలో, అంటే 1970ల మొదట్లో, మైలురాళ్లూ కిలోమీటరు రాళ్లూ రెండూ రోడ్ల పక్కన కనిపించేవి. తూనికలూ కొలతల చట్టం 1956లో వచ్చింది. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ ఒకటిన వచ్చాయి. రోడ్డు పక్క రాయి మారడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఒకసారి నేను పెట్టిన బిల్లు ఒక కచేరీ నుంచి ఎర్రసిరాతో తిరిగి వచ్చింది. పాత మైలురాయి లెక్కను కిలోమీటర్లలోకి మారిస్తే ఒకటిన్నర కిలోమీటరు ఎక్కువ చూపుతోందనీ, దూరానికి ఇంజనీరింగు శాఖవారి ధ్రువపత్రం జతచేయాలనీ రాశారు. ధ్రువపత్రం తెచ్చాను. నేను వేసిన అంకే నిలిచింది. బిల్లు పాసయ్యేసరికి ఎనిమిది నెలలు గడిచాయి, తేడా మూడు రూపాయల చిల్లర. ఇటువంటి కథ మీలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉంటుందని నాకు తెలుసు.

ఇక అసలు చరిత్ర. బండికి పగలంతా పట్టిన ఈ మూడామడల దూరాన్ని రెండు గంటల లోపుకు తెచ్చింది 1874. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన రైల్వే 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. హైదరాబాదు మాత్రం ఆ దారికి ఎడంగా ఉండిపోయింది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో నిజాం ప్రభుత్వం తన ఖర్చుతో సికింద్రాబాదు నుంచి వాడీ వరకు లైను వేయించి ఆ పెద్ద మార్గంతో కలిపింది. 1874లో బండ్లు నడిచాయి. వికారాబాదు, ధారూరు, తాండూరు ఆ లైను మీదివే. హైదరాబాదు నగరాన్ని దేశంలోని రైళ్లన్నింటితో కలిపిన మొట్టమొదటి ముడి మన ఊళ్ల మీదుగా పడిందన్నమాట. బెజవాడ వైపు లైను పూర్తయింది ఆ తరువాత పదిహేనేళ్లకు, 1889లో. వికారాబాదు జంక్షను కావడం ఇంకా తరువాతి మాట. బీదరుకు, అక్కడినుంచి పర్లీకి పోయే శాఖ ఇక్కడ విడిపోతుంది. పైగా నవాబు వికారుల్ ఉమరా పేరు మీదనే ఈ ఊరికి వికారాబాదు అని పేరు.

తాండూరు వైపు పోయే బండిలో కిటికీ పక్కన కూర్చున్నవారు గమనించే ఉంటారు, వికారాబాదు దాటాక బండి కిందికి దిగుతుంది. వికారాబాదు తాండూరుకంటె నూటయాభై మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాదు మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ పక్క నీళ్లు కాగ్నాలో పడి తాండూరు మీదుగా పడమరకు పోయి భీమలో కలుస్తాయి. భీమా చివరకు కృష్ణలోనే కలుస్తుంది. ఒక కొండ మీద పడ్డ వాన రెండు దోవల పోయి ఒకే నదిలో చేరుతుంది, కాని ఎంత చుట్టు! ఈ ఎత్తుపల్లాలవల్ల బొగ్గు ఇంజన్ల కాలంలో తాండూరుకు పోయేటప్పుడు పట్టే సమయం వేరు, వచ్చేటప్పుడు పట్టే సమయం వేరు. తాండూరు నుంచి నాపరాళ్లు నింపుకున్న గూడ్సు ధారూరు ఎత్తెక్కుతుంటే పక్కన నడిచేవాడు పలకరించి పోవచ్చుననేవారు. దూరం ఒకటే, ఎక్కేవాడికి ఒక లెక్క, దిగేవాడికి ఇంకో లెక్క.

విమానాలకూ ఇదే చిత్రం. ఆకాశంలో కొండలు లేవుగాని, పైన పడమటినుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ఉంది. లిస్బన్ నుంచి హెల్సింకి పోయే విమానానికి ఆ గాలి వీపున తడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురు వస్తుంది, కాబట్టి ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. దానికి తోడు గడియారాల తేడా ఉంది. హెల్సింకి గడియారం లిస్బన్‌కంటె రెండు గంటలు ముందు. లిస్బన్‌లో ఉదయం పదింటికి ఎక్కినవాడు హెల్సింకిలో సాయంత్రం నాలుగున్నరకు దిగుతాడు. మర్నాడు పదింటికి అక్కడ ఎక్కితే లిస్బన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా దిగుతాడు. గడియారాన్ని నమ్మితే పోయేటప్పుడు ఆరున్నర గంటలు, వచ్చేటప్పుడు మూడు గంటలు. టి.ఏ. బిల్లులో బయలుదేరిన సమయం, చేరిన సమయం అని రెండు గళ్లున్నాయి గదా, ఇలాంటి బిల్లు మన పాత ఆడిటరు చేతికి వస్తే ఏమనేవాడో ఊహించుకోండి.

గడియారాల తగాదా మనకూ ఉండేది. వికారాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తరువాత తాండూరులో నడినెత్తికి రావడానికి ఒకటింపావు నిమిషం పడుతుంది. రైలు రాకముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే, ఎవరికీ ఇబ్బంది లేదు. రైలు వచ్చాక కుదరదు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బండ్లు నడవాలంటే అన్ని స్టేషన్లలో ఒకే సమయం ఉండాలి. అందుకని దేశంలోని రైల్వేలన్నీ మద్రాసు సమయాన్ని పట్టుకున్నాయి. వికారాబాదు సూర్యుడికి అది తొమ్మిదిన్నర నిమిషాలు ముందు. 1906 జనవరి ఒకటి నుంచి ఇప్పుడున్న భారత ప్రామాణిక సమయం వచ్చింది. దానితో తేడా ఇంకా పెరిగి పద్ధెనిమిది నిమిషాలయింది. అనగా మనం ఆఫీసులో పన్నెండు గంటలు అనుకున్నప్పుడు వికారాబాదులో సూర్యుడి లెక్కన ఇంకా పదకొండూ నలభై రెండే. బొంబాయి నగరం ఈ కొత్త సమయాన్ని ఒప్పుకోక 1955 దాకా తన సొంత సమయం నడుపుకున్నది. స్టేషనులో ఒక టైము, బజారులో ఒక టైము. ఇక మన నిజాం రాజ్యంలో తారీఖులు కూడా వేరే ఉండేవి. పాత ఫైళ్లలో ఫసలీ సంవత్సరం, ఆజూర్, దై వంటి నెలల పేర్లు చూసినవారు మనలో ఇంకా కొందరు ఉన్నారు.

ఇప్పుడు నేను ముఖ్యమనుకున్న సంగతికి వస్తాను. పట్టా దూరం, రోడ్డు దూరం ఒక ఎత్తు, కచేరీ దూరం ఒక ఎత్తు. పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్ల మధ్య ఒకప్పుడు జిల్లా సరిహద్దు ఉండేదని మన పిల్లలకు తెలియదు. వికారాబాదు ఒక జిల్లాలో ఉండేది. తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. తాండూరు రైతుకు కలెక్టరు దగ్గర పని పడితే రైలెక్కి పడమరకు పోయి, వాడీలో బండి మారి, గుల్బర్గా చేరాలి. 1956 నవంబరు ఒకటిన రాష్ట్రాల పునర్విభజన జరిగింది. చట్టంలో ఒక్క పంక్తి, గుల్బర్గా జిల్లాలోని తాండూరు తాలూకా, కొడంగల్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఆ ఒక్క పంక్తితో తాండూరు రైతు స్టేషనులో ఎదురు ప్లాట్‌ఫారం మీదికి మారాడు. నిన్నటిదాకా పడమటి బండి, ఇవాళ్టినుంచి తూర్పు బండి. అప్పట్లో గుల్బర్గా, హైదరాబాదు తాండూరుకు ఇటూ అటూ దాదాపు సమదూరంలోనే ఉన్నాయి. రెండూ నూరు కిలోమీటర్ల పైచిలుకే. కాబట్టి లెక్కకు నష్టమేమీ లేదు. కాని కచేరీలో మాట మారింది. అక్కడ కన్నడం, ఇక్కడ తెలుగు, పాత కాయితాలన్నీ ఉర్దూ. తాండూరు బజారులో నేటికీ మూడు భాషలూ వినిపిస్తాయి.

కొడంగల్‌ది ఇంకా విడ్డూరం. తాండూరుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. 1956లో దాన్ని మహబూబ్‌నగర్ జిల్లాలో వేశారు. అరవై ఏళ్లపాటు అక్కడివారు పక్కనున్న తాండూరు వదిలి అటు తిరిగారు. తాండూరువారికి 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా వచ్చింది. పేరు మారింది గాని జిల్లా కచేరీ హైదరాబాదు నగరంలోనే ఉండిపోయింది కనుక దూరం తగ్గలేదు. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడ్డాక, తాండూరు, కొడంగల్, వికారాబాదు ఒక జిల్లా అయ్యాయి. తాండూరు మనిషికి కలెక్టరు కచేరీ నూరు పైచిలుకు నుంచి నలభైకి వచ్చింది. రాయి కదలలేదు, పట్టా కదలలేదు. నా ఎరుకలో ఈ ప్రాంతంలో దూరం అన్నిటికంటె ఎక్కువ తగ్గింది ఆ ఒక్కరోజున.

నేను వికారాబాదులో కాపురముండి తాండూరులో కొన్నేళ్లు పనిచేశాను. మనవాళ్ల మాటలో చెప్పాలంటే "అప్ డౌన్" చేశాను. నెలకు సీజను టికెట్టు. ఒంటి లైను రోజులవి. ఇంజను డ్రైవరుకు స్టేషను మాస్టరు టోకెను అందిస్తేనే బండి కదలాలి, ఎదురు బండి వచ్చేదాకా లూపు లైనులో నిలబడాలి. నలభై కిలోమీటర్లకు టైంటేబులులో గంటా, గంటాపావు ఉండేది. ధారూరులో క్రాసింగు పడితే అది రెండు గంటలు. నవంబరులో ధారూరు జాతరకు క్రైస్తవ భక్తులు వేలాదిగా వచ్చినప్పుడు ఎక్కడానికే చోటుండేది కాదు. ఆ ఆలస్యాల్లో మేం పేకాడాం, బిల్లులు రాసుకున్నాం, డిపార్ట్‌మెంటు పరీక్షలకు చదువుకున్నాం. ఇవాళ తలుచుకుంటే హాయిగానే ఉంటుంది.

కాని ఒక రాత్రి మాత్రం హాయిగా తలుచుకోలేను. మా ఆఫీసులో అటెండరుగా ఉన్న పెద్దమనిషి కోడలికి పురుడు కష్టమయింది. తాండూరులో చూసినవారు వెంటనే వికారాబాదు తీసుకుపొమ్మన్నారు. ఆ రాత్రివేళ జీపు దొరకలేదు. వచ్చే బండిలోనే ఎక్కించాం. నేనూ ఆ బండికే ఇంటికి పోవలసి ఉంది. దోవలో ఎదురు గూడ్సు కోసం మా బండి లూపు లైనులో నిలబడింది. గూడ్సు ఎంతకీ రాదు. అందులో తప్పు పట్టవలసినవారు ఎవరూ లేరు, ఒంటి లైను పద్ధతే అంత. గార్డు దిగివచ్చి తన లాంతరు పెట్టెలోనే పెట్టిపోయాడు. ఆడవాళ్లు చీరలు అడ్డంపెట్టారు. మేం కింద కంకర మీద నిలబడ్డాం. వికారాబాదు చేరేసరికి రెండు గంటల నలభై నిమిషాలయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. మరుసటి నెల ఆ పెద్దమనిషి వేరే పనికి సంబంధించిన దౌరా బిల్లు నా టేబులు మీదకు వచ్చింది. తాండూరు నుంచి వికారాబాదు, దూరం నలభై ఒకటి. నేను సరిచూసి సంతకం పెట్టాను.

మన పాత రూల్సు రాసినవాడికి ఈ తేడా తెలియదని అనలేం. బదిలీ మీద పోయేవాడికి ఇచ్చే జాయినింగు టైము లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. రైలుకు రోజుకు 500 కిలోమీటర్లు, సముద్రంలో స్టీమరుకు 350, బాడుగ మోటారుకు 150, "ఇతర విధములుగా" పోయేవాడికి రోజుకు 25 కిలోమీటర్లు. ఆ ఇతర విధముల్లో మన ఎద్దుల బండి, గుర్రం, కాలినడక అన్నీ ఉన్నాయి. అంతకుముందు మైళ్లలో ఉన్నప్పుడు అది పదిహేను మైళ్లు. అందులో ఒక్క విమానానికి మాత్రం కిలోమీటర్లు రాయలేదు, "ప్రయాణానికి నిజముగా పట్టిన కాలము" అని ఊరుకున్నారు. రూల్సు పుస్తకమంతటిలో నాకు నచ్చిన ముక్క అదే. మన సర్వీసులో ఆ పంక్తిని వాడుకునే భాగ్యం మనలో ఎవరికీ కలిగినట్టు లేదు.

విమానాలన్నానుగనుక ఆ మాట కూడా. 1945లో నిజాం ప్రభుత్వమూ, టాటాలూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే విమానాల కంపెనీ పెట్టారు. డకోటా విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. బేగంపేట రైల్వే స్టేషను కూడా మన 1874 నాటి లైను మీదిదే. అంటే తాండూరులో రైలెక్కి బేగంపేటలో దిగితే విమానాశ్రయం కూతవేటు దూరం. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయాయి. ఆ సౌకర్యం పోయింది, బదులుగా చేవెళ్ల మీదుగా కారులో పోవడం వచ్చింది.

జెట్ విమానం మన నలభై కిలోమీటర్లను మూడు నిమిషాల్లో దాటుతుంది. కాని పిల్లలు చెప్పే "నాలుగున్నర గంటలు" తలుపు మూసినప్పటినుంచి తలుపు తీసేదాకానే. అంతకుముందు రెండు మూడు గంటలు బారులో నిలబడడం, తనిఖీలు, దిగాక పెట్టెకోసం ఎదురుచూపులు ఆ లెక్కలో రావు. పైగా ఆకాశంలో కూడా సరిహద్దులున్నాయి. హెల్సింకి నుంచి టోక్యోకు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో పోయేవారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా ఆకాశం మూతబడడంతో చుట్టు తిరిగి పోవలసి వచ్చి అది పదమూడు గంటల దాకా అయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి ఐరోపా పోయేవారికీ అదే గతి. హెల్సింకి జరగలేదు, టోక్యో జరగలేదు. తాండూరువారు 1956లో చూసిందే ఇదీను.

రోడ్డు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం కుంటిదవుతుంది. 1932 జూన్‌లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. 1958 జనవరిలో అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. తాండూరు రాళ్ల గనులు పెరిగాయి, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, లారీలు వచ్చాయి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డు మాత్రం చాలాకాలం అదే రోడ్డు. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వైపు వచ్చే బీజాపూరు రోడ్డుకు అటూ ఇటూ వందల మర్రిచెట్లున్నాయి. నిజాం నాటి చెట్లు అవి. వాటిని కొట్టకుండా రోడ్డు ఎలా వెడల్పు చేయాలన్నదాని మీద ఏళ్లతరబడి వ్యాజ్యం నడిచింది. చెట్లు ఉండాలన్నవారి మాటలో న్యాయముంది, ఆ నీడలో నడిచిన నాబోటివాడు కాదనలేడు. రోడ్డు వెడల్పు కావాలన్న తాండూరువారి మాటలోనూ న్యాయముంది. 2025 నవంబరు 3న తెల్లవారుజామున తాండూరులో బయలుదేరి హైదరాబాదు పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొన్నది. కంకర బస్సులోకి ఒరిగిపడి పందొమ్మిదిమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. చదువుకోడానికి పట్నం పోతున్న ఆడపిల్లలు కూడా వారిలో ఉన్నారు. పొద్దున్నే కాలేజీకి, కొలువుకు, ఆసుపత్రికి చేరాలనే ఆ బస్సు ఎక్కుతారు. ఆ బస్సులో పోయినవాళ్లలో మనకు ఏదో ఒక విధంగా తెలిసినవారు లేని వీధి తాండూరులో లేదు.

రైలు ఇప్పుడు బాగుపడింది. జంట లైను పడింది, విద్యుత్ ఇంజన్లు వచ్చాయి, ధారూరులో ఎదురు బండి కోసం నిలబడే పని లేదు. ఎక్స్‌ప్రెస్ ఆగిందంటే వికారాబాదు నుంచి తాండూరు ముప్పావు గంట లోపే. బస్సులో ఆడవారికి 2023 డిసెంబరు నుంచి టికెట్టు లేదు, కాబట్టి మా ఇంట్లో రైలుకు నేనూ, బస్సుకు ఆవిడా అని వాటాలు పడ్డాయి. రైలులో వృద్ధులకు ఉండే రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆగిపోయింది. మగవారికి నలభై శాతం, ఆడవారికి యాభై శాతం ఉండేది. మన సంఘం దానిమీద తీర్మానాలు చేసింది, ఇక ముందు కూడా చేయాలి.

లైఫ్ సర్టిఫికెట్టుకోసం ట్రెజరీ మెట్లెక్కే పని కూడా చాలామందికి తప్పింది. మనుమడు ఫోను పట్టుకుంటే ముఖం చూపించి కళ్లార్పితే సరిపోతుంది. ఆ పద్ధతి రానివారు, వేలిముద్ర అరిగినవారు మన సంఘం ఆఫీసుకు వస్తే చేసిపెడుతున్నాం. తాండూరు సభ్యులు ఇందుకోసం వికారాబాదు రానక్కరలేదు. ప్రతి ఆదివారం ఇద్దరు సభ్యులు పొద్దుటి బండికి తాండూరు వస్తున్నారు, మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటారు. వారికి భత్యం లేదు.